వెనక్కి అడిగిన వాయినం

చోడవరం,
19 ఆగస్టు 2025.

రూపాదేవికి,

ఆశీస్సులు రాయాలని లేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి రాయబోతే ఆపాను.

ఆదివారం నుంచి పద్నాలుగుసార్లు ఫోన్ చేశావు. ఎత్తను. ఎత్తితే నువ్వు ఏడుస్తావు, నీ ఏడుపు వింటే నాకు కోపం పోతుంది. ఈసారి నా కోపం పోవడం నాకిష్టం లేదు. అందుకే ఉత్తరం రాసి, రోజూ మీ గాజువాకకి డ్యూటీకి వచ్చే గణపతిరావు చేత పంపుతున్నాను. జవాబుంటే ఆయన చేతికే ఇయ్యి.

నేనేం పాపం చేశానని మాడుగుల పెళ్ళిలో నన్నలా నిలబెట్టావు? పెళ్ళికొడుకు సంతోష్‌కుమార్ మీ మేనత్త మనవడు కాబట్టి పెళ్ళికి వచ్చాను. బంతిలో కూర్చున్నాను. వడ్డించేవాడు మీల్ మేకర్ కూర వేశాడు. నా కర్రీ పాయింట్‌లో వారానికి నాలుగు రోజులు నేను వండే కూర అది. వీళ్ళెలా వండారో చూద్దామని ముక్క నోటి దాకా తెచ్చాను. ఎక్కడి నుంచి ఊడిపడ్డావో, "తినకే వదినా, తినకే! అది సోయా! నీ కేన్సర్ మాత్రలు పన్చెయ్యవు, మళ్ళా వచ్చేత్తది!" అని గావుకేక పెట్టి, నా చేతిలో ముక్క లాక్కుని, ఆకులో కూర ఎత్తి బకెట్లో పారేశావు.

ఆ బంతిలో వందమందికి తక్కువ లేరు. నాకు ఆ జబ్బు వచ్చిందని పెళ్ళికూతురి వాళ్ళకి తెలీదు. రెండున్నరేళ్ళుగా ఎడమవైపు మడతపెట్టిన నూలుగుడ్డ పెట్టుకుని, పైటకి రెండు పిన్నులు పెట్టుకుని, అందరిలాగే తిరుగుతున్నాను. నీ ఒక్క కేకతో ఆ పిన్నులు రెండూ ఊడిపోయినట్టయింది. నా పక్కన కూర్చున్నావిడ తన ఆకు కాస్త అటు జరుపుకుంది. జబ్బు ఆకులోంచి ఆకులోకి పాకుతుందనుకుందేమో!

సోమవారం కొట్టు తీశాను. ఫ్యాక్టరీ క్వార్టర్స్ నుంచి రోజూ వచ్చే ఆవిడ మీల్ మేకర్ ట్రే వైపు దెయ్యాన్ని చూసినట్టు చూసింది. "ఏటి దుర్గమ్మా, ఇది తినే నీకు కేన్సర్ వచ్చిందట గదా? పెళ్ళిలో మీ ఆడపడుచే సెప్పిందట" అంది. మాడుగుల నుంచి చోడవరం వచ్చేలోపు నీ మాట అలా తయారైంది. ఆ రోజు ట్రే అలాగే మిగిలిపోయింది.

నిన్ను ఎవరడిగారు? ఎవరు చెప్పారు నీకు? దీనికి జవాబు రాయి. ఏడుపు రాయొద్దు.

కనకదుర్గ.


గాజువాక,
22 ఆగస్టు 2025.

వదినకి నమస్కారాలు. నువ్వు పెట్టకపోయినా నేను పెడతాను.

ఉత్తరం గణపతిరావు గారు ఇస్తుంటే శుభలేఖేమో అనుకున్నాను. చదివాక అన్నం తినబుద్ధి కాలేదు. ఏడుపు రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు.

ఎవరు చెప్పారంటావా? పెళ్ళికి రెండు రోజుల ముందు ఒక వీడియో వచ్చింది. తెల్లకోటు వేసుకున్నాయన చెప్పాడు. సోయాలో ఆడవాళ్ళ హార్మోన్ లాంటిది ఉంటుందట, నువ్వు వేసుకునే మాత్ర దాని ముందు పనిచెయ్యదట. అది చూసిన దగ్గర్నుంచి నా గుండె నా దగ్గర లేదు. నీకు ఫోన్ చేసి చెబుదామనుకుంటే పెళ్ళి హడావుడి. తీరా బంతిలో నీ నోటి దాకా వెళ్ళిన ముక్క చూసేసరికి నాకు మనుషులు కనబడలేదు వదినా, నువ్వే కనబడ్డావు. నీకు కీమో ఇచ్చినప్పుడు నీ జుట్టు ఊడి నా ఒళ్ళో పడింది. అది మళ్ళీ చూడలేను.

నాకు నీమీద ఉన్న ప్రేమ ఎంతో అన్నయ్యని అడుగు. ఒళ్ళంతా ఆవిర్లు వస్తున్నాయి, దుప్పటి తడిసిపోతోంది అని నువ్వు చెప్పిన మర్నాడే నేను అమ్మే మా కంపెనీ గొట్టం మాత్రల గులాబీ డబ్బా తెచ్చి నీ చేతిలో పెట్టలేదూ? శివరాత్రి నుంచి ఒక్క నెలైనా తప్పించానా? పైసా తీసుకున్నానా? ఆవిర్లు తగ్గాయని నువ్వే అన్నావు. నీ చెడు కోరేదాన్నయితే ఇవన్నీ ఎందుకు చేస్తాను?

నాకు అసలు అనుమానం, నీ కోపం కూర గురించి కాదు. పెళ్ళిలో నిన్ను వెనక వరసలో కూర్చోబెట్టి మా అత్తగారిని ముందు కూర్చోబెట్టినందుకు కదా? అది మేనత్త చేసిన పని, నాది కాదు.

కొట్టు గురించి అన్నయ్యకి ఫోన్ చేసి గట్టిగా చెప్పాను. ఆ పొయ్యి వేడి నీకు మంచిది కాదు. కొన్నాళ్ళు మూసెయ్యమన్నాను. గణపతిరావు గారి చేత ఈసారి రెండు డబ్బాలు పంపుతున్నాను. పొద్దున ఒక గొట్టం, సాయంత్రం ఒక గొట్టం మానకు.

నీ చేత జడ వేయించుకున్న
రూప.


చోడవరం,
28 ఆగస్టు 2025.

రూపా,

వెనక వరసా! ముందు వరసా! నువ్వు నన్ను అంత చిన్నదాన్ని చేసి చూస్తున్నావని ఇప్పుడే తెలిసింది.

నీ ఫోన్ వల్ల ఏం జరిగిందో విను. మీ అన్నయ్య బుధవారం పొద్దున్నే కొట్టులోకి వచ్చి, నానబెట్టిన మీల్ మేకర్ గిన్నెతో సహా ఎత్తి పంచాయతీ తొట్టిలో కుమ్మరించాడు. చెరకు తోటలో పాముని కొట్టడానికి కూడా అంత ఆవేశపడని మనిషి. "సెల్లి సెప్పింది, ఇంక ఈ కొట్టు తియ్యొద్దు" అన్నాడు. నా కొట్టు మూయాలో తెరవాలో గాజువాకలో ఉన్న నువ్వు, వీడియోలో ఉన్న తెల్లకోటు, మీ ఇద్దరూ కలిసి తేల్చారన్నమాట. నా ఒంట్లో జబ్బు, నా చేతిలో గరిట. నన్ను అడిగిన వాళ్ళు ఒక్కరు లేరు!

వంట నాకు వ్యాపారం ఒక్కటే కాదు. కీమో రోజుల్లో నోటికి రుచి లేకపోయినా వాసన చూసి ఉప్పు సరిచేశాను. మంచం మీద పడుకున్న మనిషిగా కాకుండా, కొట్టు దగ్గర నిలబడ్డ మనిషిగా నన్ను నలుగురూ చూసేది ఆ గంటల్లోనే. అది నువ్వు ఒక్క ఫోన్‌తో మూయించావు.

సరే, తేల్చుకుంటాను. సెప్టెంబరు తొమ్మిదిన నాకు ఆసుపత్రిలో చెకప్ ఉంది. ఆ రోజు నా నోట్లోకి వెళ్ళేవన్నీ ఒక్క సంచిలో వేసి తీసుకెళ్తాను. మీల్ మేకర్ కూర టిఫిన్ డబ్బాలో, రాగిజావ పొడి, ఇంగువ, ఊరగాయ, నీ గులాబీ డబ్బా, అన్నీ. డాక్టరమ్మ తినమన్నది తింటాను, మానమన్నది మానేస్తాను. నువ్వు మాత్రం రావద్దు. వీధిలో నుంచుని అరుస్తావు.

ఇంకో మాట. ఇది మీ అన్నయ్యకి చెప్పలేదు. పది రోజులుగా ఎడమ చంకలో శనగగింజంత గట్టిగా ఏదో తగులుతోంది. స్నానం చేస్తుంటే దొరికింది. ఒక్కొక్క రోజు లేదనిపిస్తుంది, మళ్ళీ వేలికి దొరుకుతుంది. నాకు భయంగా ఉంది రూపా. ఇంత కోపంలో కూడా చెప్పుకోవడానికి నువ్వే దొరికావు. దానికి ఇంకా కోపంగా ఉంది.

దుర్గ.


గాజువాక,
30 ఆగస్టు 2025.

వదినా,

తొమ్మిదో తారీఖు దాకా ఎందుకు? సోమవారమే ఆసుపత్రికి రా. ఆటో తీసుకుని రా, బస్సు వద్దు.

నేను చెబితే విన్నావా? నాలుగు రోజులు వండటం, రుచి చూడటం, మిగిలింది ఇంట్లో తినడం. ఎన్నేళ్ళుగా తింటున్నావో లెక్కపెట్టుకో. మా టీమ్ లీడర్ మేడమ్‌ని అడిగాను. "మీ వదినగారికి ఇమ్యూనిటీ పడిపోయింది, డోస్ పెంచండి" అంది. ఇప్పట్నుంచి పొద్దున రెండు, సాయంత్రం రెండు వేసుకో. ఇది ఆకులూ గింజలతో చేసిందే, మందు కాదు, భయం లేదు. డాక్టర్లకి ఇవంటే పడదు కాబట్టి ఆ సంచిలో మన డబ్బా పెట్టొద్దని నా సలహా. అనవసరంగా మాటలు పడతావు.

అన్నయ్యకి నేను చెప్పలేదు. నీమీద ఒట్టు.

ఇట్లు, నిద్ర పట్టని
రూప.


చోడవరం,
10 సెప్టెంబరు 2025.

రూపా,

కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

నిన్న సంచి మొత్తం డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. నీ సలహా వినలేదు. ముందు టిఫిన్ డబ్బా మూత తీశాను. మసాలా వాసనకి బయట కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు. డాక్టరమ్మ నవ్వింది. "ఇది తింటే మాత్ర పనిచెయ్యదట, మళ్ళీ జబ్బు వస్తదట, నిజవేనా సెప్పండి" అని అడిగాను. "కూర కూరే. వారానికి ఒకటి రెండుసార్లు తిను. సోయా వండుకుని తిన్న ఆడవాళ్ళకి దానివల్ల చెడు జరిగినట్టు మాకు కనబడలేదు" అంది. నాకు అక్కడే లేచి నీ ఇంటికి వచ్చి నీ ముఖం మీద ఆ టిఫిన్ డబ్బా తెరవాలనిపించింది.

తరవాత గులాబీ డబ్బా ఎత్తింది. ముందువైపు పువ్వు బొమ్మ చూసింది. తిప్పింది. వెనక చీమ తలకాయంత అక్షరాలు. కళ్ళద్దాలు పైకి తోసి, దగ్గరగా పెట్టుకుని చదివింది. నవ్వు పోయింది.

"ఇదెన్నాళ్ళుగా?" అంది. శివరాత్రి నుంచి అన్నాను. "రోజుకి ఎన్ని?" రెండు, మొన్నటి నుంచి నాలుగు అన్నాను. "ఇందులో ఏముందో తెలుసా? సోయా గింజల సారం. నువ్వు ఏ కూరకి భయపడి వచ్చావో, ఆ కూరలో ఉన్నదాన్నే పిండి, చిక్కగా చేసి గొట్టంలో కూరారు."

నాకు అర్థం కాలేదంటే కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నాది ఆడవాళ్ళ హార్మోన్ తిని పెరిగే రకం జబ్బు. నేను మింగే మాత్ర వెళ్ళి జబ్బు గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది, హార్మోన్‌ని లోపలికి పోనివ్వదు. సోయాలో ఉన్న ఆ పదార్థం హార్మోన్ పోలికతో ఉంటుంది. తిండిలో ఉన్నంతకి భయం లేదు. చిక్కటి సారం సంగతి వేరు. ఎలకల మీదా గాజు పళ్ళేల్లోనూ చూసినప్పుడు కొన్నిసార్లు అది మాత్రని పక్కకి తోసిందట. మనుషుల్లో అలా జరుగుతుందో లేదో తేలలేదు. "తేలనిదాన్ని నీమీద పరీక్ష చెయ్యకూడదు. అందుకే వద్దంటాం" అంది.

"నాకు ఇప్పుడు చంకలో తగిలేది దీనివల్లేనా?" అని అడిగాను. "చెప్పలేను. మాత్ర సక్రమంగా వేసుకున్నా కొందరికి తిరగబెడుతుంది. ఇది తినకపోతే వచ్చేది కాదని నేను అనలేను, తినడం వల్లే వచ్చిందనీ అనలేను" అంది. రూపా, ఆ 'చెప్పలేను' ఉందే, దాన్ని పట్టుకుని నేను ఎవర్ని తిట్టాలి? అవునంటే నిన్ను తిట్టేదాన్ని. కాదంటే దేవుణ్ణి తిట్టేదాన్ని.

చంకలో సూది గుచ్చి ముక్క తీశారు. వారంలో చెబుతారు.

తిట్టు తినాల్సిన ఇంకో మనిషి ఉంది. అది నేనే. ప్రతి చెకప్‌కీ ఆవిడ "వేరే మందులేమైనా వాడుతున్నావా?" అని అడుగుతూనే ఉంది. ప్రతిసారీ లేదన్నాను. అబద్ధం చెప్పాననుకోలేదు. అది మందు కాదుగా, ఆడపడుచు పెట్టిన పసుపు లాంటిదనుకున్నాను. పసుపుకుంకుమల్ని ఎవరైనా డాక్టరుకి లెక్క చెబుతారా?

నా ఆకులో కూర తీసి పారేసిన చెయ్యీ, నా చేతిలో ఆ డబ్బా పెట్టిన చెయ్యీ ఒక్కటే. వందమంది ముందు అంత గొంతుతో అరిచినదానివి, ఒక్కసారి ఆ డబ్బా తిప్పి చూడలేకపోయావా? డిగ్రీ చదివావు కదే! నీ ఫీజుకి నా గొలుసు తాకట్టు పెట్టలేదూ మీ నాన్న!

దుర్గ.


గాజువాక,
13 సెప్టెంబరు 2025.

వదినా,

డబ్బా తిప్పి చూశాను. మూడు రోజులుగా చూస్తున్నాను. ఉంది. సోయా అనే రాసి ఉంది. నేను దాన్ని రోజూ నలుగురి చేతుల్లో పెడుతున్నాను, ముందువైపు పువ్వు ఒక్కటే చూశాను. మీటింగుల్లో మాకు ఏం చెప్పాలో నేర్పారు. వెనకవైపు చదవమని ఎవరూ చెప్పలేదు. ఇది తప్పించుకోవడానికి రాయడం లేదు.

లీడర్ మేడమ్‌కి ఫోన్ చేసి అరిచాను. "జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడిగి వాడాలని కింద రాశాం కదమ్మా" అంది. నిజమే, రాశారు. మరి నాకు అమ్మకం నేర్పినప్పుడు "డాక్టర్ని అడగమని చెప్పు" అని ఒక్కరోజు అనలేదే! "నువ్వు అనవసరంగా అల్లరి చేస్తే నీ దగ్గర కొనే నలభైమందీ పోతారు, జాగ్రత్త" అని ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ అటక మీద పడేశాను. నీ దగ్గరున్నవి పారెయ్యి. వదినా, నిన్ను కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను, రిజల్టు మంచిగానే వస్తుంది. వచ్చేదాకా, వచ్చాక కూడా, ఈ డబ్బా సంగతి మన ఇంట్లోనే ఉండనీ. అన్నయ్యకి తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వడు. మా ఆయనకి తెలిస్తే నా బతుకు నీకు తెలుసు. ఇంటి గుట్టు బయట పడితే నీకేం లాభం?

నన్ను క్షమించమని అడగడానికి ముఖం చెల్లడం లేదు.

రూప.


చోడవరం,
17 సెప్టెంబరు 2025.

రూపా,

తిరగబెట్టింది. నిన్న చెప్పారు. చంకలో గడ్డ తీయాలి, స్కాన్ చెయ్యాలి, ఈ మాత్ర మార్చి వేరేది ఇవ్వాలి. ఆపరేషన్ ఇరవై ఆరున. మీ అన్నయ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేను లేపి తీసుకొచ్చాను.

ఇంటి గుట్టు అంటున్నావు. ఎవరింటి గుట్టు? ఎన్ని ఇళ్ళ గుట్టు? నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను, అప్పుడు తెలుస్తుంది నీకు.

నాకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మా వీధిలో నన్ను ఏ పేరంటానికీ పిలవలేదు. నీకు చెప్పలేదు, సిగ్గేసి. భర్త ఉన్నాడు, మెడలో పుస్తెలున్నాయి, అయినా ఒక రొమ్ము లేని ముత్తైదువ పనికిరాదనుకున్నారు. నాకు ఒళ్ళు మండి, మొన్న శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి నేనే పేరంటం పెట్టాను. వీధిలోవాళ్ళని ఒక్కరినీ పిలవలేదు. ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూర్చునేవాళ్ళని, ఇటువైపు ఊళ్ళవాళ్ళని, నలుగుర్ని పిలిచాను. బుచ్చయ్యపేట దేముడమ్మ, మాడుగుల చిన్నమ్మి, మా చోడవరం రోజా, సన్యాసమ్మ. సన్యాసమ్మకి భర్త పోయి పన్నెండేళ్ళయింది. అయినా పిలిచాను. ఇంకెవరు పిలుస్తారు వాళ్ళని?

కాళ్ళకి పసుపు రాశాను. అందరికీ శనగలు, తాంబూలం, జాకెట్టు ముక్క పెట్టి వాయినం ఇచ్చాను. వాళ్ళూ నాలాగే ఆవిర్లతో ఉడికిపోతున్నారు. అందుకని, శ్రావణానికి నువ్వు పంపిన అదనపు డబ్బా విప్పి, ఒక్కో వాయినంలో ఒక్కో అట్ట పెట్టాను. గులాబీ గొట్టాలు. అమ్మవారి ముందు పెట్టి, కుంకుమ జల్లి మరీ ఇచ్చాను! "మా ఆడపడుచు పంపింది, సల్లగా ఉంటది, ఏసుకోండి" అన్నాను. బాగుందని దేముడమ్మా, చిన్నమ్మీ ఇంకా అడిగితే నీ నంబరు ఇచ్చాను. నీ నలభైమందిలో వాళ్ళున్నారో లేదో చూసుకో.

ఇచ్చిన వాయినం వెనక్కి అడగకూడదు. మా అమ్మ కాదు, వాళ్ళమ్మ కూడా అడిగి ఉండదు. అడిగితే ఇచ్చినదానికీ పుచ్చుకున్నదానికీ అరిష్టం అంటారు. నాకు కొత్తగా రావలసిన అరిష్టం ఏముంది? నిన్న సాయంత్రం రోజా ఇంటికి వెళ్ళి అడిగాను. అట్టలో మూడు మిగిలాయి, ఇచ్చేసింది. వాళ్ళత్తగారు మాత్రం నేను గుమ్మం దిగకముందే నీళ్ళు చల్లింది. పొద్దున దేముడమ్మ దగ్గరకి బుచ్చయ్యపేట వెళ్ళాను. "నీ సేత్తో ఇస్తే గదా మింగేను దుర్గమ్మా, డాక్టరుని నమ్మినట్టే నమ్మేను" అంది. ఆ మాట అని తిట్టనైనా తిట్టలేదు. నీ దగ్గర కొన్న డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకా ఇద్దరున్నారు. నాకు రేపట్నుంచి స్కాన్‌లు, రక్తపరీక్షలు. తిరగలేను. నువ్వు వెళ్ళు. వెళ్ళి, ఎవరు పంపారో, అందులో ఏముందో, నీ నోటితో చెప్పు. పెళ్ళిలో ఎంత గొంతుతో అరిచావో అంత గొంతు ఇప్పుడు కావాలి. ఆ పని అయ్యేదాకా ఆసుపత్రికి రావద్దు. వస్తే ముఖం అటు తిప్పుకుంటాను. నిజంగానే తిప్పుకుంటాను.

మీ అన్నయ్యకి అంతా చెప్పేశాను. గుట్టు లేదిక.

దుర్గ.


గాజువాక,
29 సెప్టెంబరు 2025.

వదినా,

ఆపరేషన్ బాగా జరిగిందని అన్నయ్య చెప్పాడు. అదొక్కటే చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆసుపత్రి గేటు దాకా రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్ళాను. ఈ ఉత్తరం అన్నయ్య చేత పంపుతున్నాను.

చిన్నమ్మి పేరు నా అమ్మకాల పుస్తకంలో ఉంది. రెండు డబ్బాలు కొంది. నాకు తెలీదు ఆవిడది నీ జబ్బేనని, నేను అడగలేదు. మాడుగుల వెళ్ళి వాళ్ళ ఇంట్లోవాళ్ళందరి ముందూ చెప్పాను. వాళ్ళాయన నన్ను అనరాని మాటలన్నాడు. నిలబడి విన్నాను. వాళ్ళూ డాక్టరుకి చెప్పలేదట. చిన్నమ్మి నా ముందే డాక్టరమ్మకి ఫోన్ చేయించి చెప్పింది.

సన్యాసమ్మ దగ్గర మాత్రం నా వల్ల కాలేదు. వాయినం అట్ట ఇచ్చెయ్యమంటే లోపలికి తీసుకెళ్ళి చూపించింది. దేవుడి గూట్లో, పసుపు ముద్ద పక్కన, పదికి పది గొట్టాలూ అలాగే ఉన్నాయి. ఒక్కటీ మింగలేదు. శనగలు కూడా తినలేదు, చిన్న మూట కట్టి పెట్టింది. "ఆయన పోయేక నాకు వాయినం ఇచ్చింది మీ వదినొక్కర్తే. దాన్ని మింగేత్తానేటమ్మా? ఇయ్యను. అది ఇసమైనా ఇయ్యను" అంది. నేను వాదించాను. ఏడ్చాను. కసిరి బయటకి పంపింది. గుమ్మం దాకా వచ్చి, "దుర్గమ్మకి ఎలాగుందో అది సెప్పు ముందు, గొట్టాల గొడవ తరవాత" అని నిలదీసింది. నాకు తెలీదు, నన్ను రానివ్వడం లేదు అన్నాను. అప్పుడు కూర్చోమని మంచినీళ్ళిచ్చింది.

నలభైమందిలో మిగతావాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నాను. జబ్బున్నవాళ్ళుంటే డాక్టరుకి చూపించమంటున్నాను. ఇరవై ఆరుగురు అయ్యారు. సగం మంది తిట్టారు, కొందరు పిచ్చెక్కిందా అన్నారు. లీడర్ నన్ను గ్రూపులోంచి తీసేసింది. మా ఆయనకి నేనే చెప్పాను. రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

నువ్వు ముఖం తిప్పుకున్నా సరే, ఒక్కసారి దూరం నుంచి చూసి వెళ్తాను.

రూప.


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
1 అక్టోబరు 2025.

రూపా,

చెయ్యి ఎత్తలేను, మంచం మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. మీ అన్నయ్య ఈ సాయంత్రమే దీన్ని నీకు ఇస్తాడు.

సన్యాసమ్మ ఇవ్వకపోతే మానె. ఆవిడ మింగలేదు, అది చాలు. ఆవిడ దగ్గర ఆ వాయినం అలాగే ఉండనీ.

నీమీద కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అబద్ధం. కొత్త మాత్ర పనిచేస్తుందో లేదో ఆరునెలలు పోతే గాని తెలీదన్నారు. ఆ ఆరునెలలూ నాకు నీమీద కోపం ఉంటుంది, తరవాత సంగతి తరవాత.

ఈ పొద్దున్న ఒకటి జరిగింది. కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు చీటీ పట్టుకుని మంచం మంచానికీ వస్తూ, "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడుగుతున్నాడు. అందరూ లేదు, లేదు అంటున్నారు. అతను రాసుకుని వెళ్ళిపోతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. కుట్లు లాగుతున్నా నిలబడ్డాను. "మందులు కాదు బాబూ, అలా అడిగితే ఎవులూ సెప్పరు. మీ ఆడపడుసు ఏటిచ్చింది, మీ అక్క ఏటిచ్చింది, మీ కూతురు ఏ డబ్బా తెచ్చింది, అలా అడుగు!" అని అరిచాను. అతను బిత్తరపోయాడు. నేనే అడిగాను. మంచం మంచం దగ్గరకీ వెళ్ళి అడిగాను.

మా వార్డులో తొమ్మిది మంచాలు. ఆరు తలగడల కింద డబ్బాలున్నాయి రూపా. పొడులు, గొట్టాలు, కషాయం సీసాలు. నీ గులాబీ డబ్బాలు రెండు. అన్నీ ప్రేమగా ఇచ్చినవే. ఒక్కటీ డాక్టరుకి తెలీదు. అన్నీ తెచ్చి నా మంచం మీద పోశారు. నా కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదు.

వీటి వెనక రాసిన అక్షరాలు చాలా చిన్నవి, ఇంగ్లీషువి. ఇక్కడ చదవగలిగినవాళ్ళు లేరు. డాక్టరమ్మ రేపు పదకొండుకి వస్తుంది. ఆవిడ వచ్చేలోపు ఒక్కొక్కదాంట్లో ఏముందో, ఏ మంచం వాళ్ళదో కాగితం మీద రాసిపెట్టాలి.

నిన్ను క్షమించానని రావద్దు. రేపు పొద్దున్నే మొదటి బస్సుకి చదవడానికి రా.

నీ వదిన.